వరంగల్ పాత పత్తి గోదాము కళాకేంద్రం కావాలంటే: పెంక నుంచి పునాది దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. స్టేషన్ రోడ్డు వైపు నిజాం కాలం నాటి పత్తి గోదాము ఉంది. పొడవు 100 అడుగులు, వెడల్పు 40 అడుగులు, ఇటుక గోడలు, టేకు ట్రస్సులు (కప్పును మోసే చెక్క చట్రాలు), పైన బెంగుళూరు పెంక. పత్తి వ్యాపారం తగ్గాక కొన్నేళ్లు ఎరువులకు, తర్వాత మిర్చికి కిరాయికి ఇచ్చారు. కొచ్చిలో ఓడరేవు గోదాములను కళా ప్రదర్శనలకు వాడటం చూసొచ్చి, ఇక్కడ కూడా ఒగ్గు కథకు, పేరిణికి, చేర్యాల బొమ్మలకు ఒక చోటు చేద్దామనుకుంటున్నారు. కాంట్రాక్టరు మాత్రం లోపలంతా సిమెంటు గిలాబు, వాల్ పుట్టీ, కింద టైల్స్, పైన పీవీసీ సీలింగు, మొత్తం హాలుకు ఏసీ అని కొటేషన్ ఇచ్చాడు. ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న.

ఆ కొటేషన్ మీద సంతకం పెట్టకండి. అందులో ఉన్న పనులన్నీ గోడకు, కప్పుకు ఊపిరి ఆడకుండా చేసేవే. మీ గోదామును కట్టినవాళ్లు పత్తి తడవకుండా, మగ్గిపోకుండా ఉండాలని కట్టారు. ఎత్తయిన అరుగు, పైన జాలీలు, డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం), సందుల్లోంచి గాలి ఆడే పెంక, అన్నీ అందుకే. ఆ ఏర్పాటును ముందు బాగుచేసుకుని, మీకు కావాల్సిన కొత్త వస్తువులను పాత గోడకు, పాత ట్రస్సుకు వేలాడదీయకుండా వాటి కాళ్ల మీద అవి నిలబడేలా పెట్టుకుంటే ఈ కట్టడం ఇంకో వందేళ్లు ఉంటుంది. 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ స్థలం చాలా మటుకు ప్లాట్లయింది. పత్తితో బతికిన ఊరికి ఆ కాలపు కట్టడాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. మీ గోదాము వాటిలో ఒకటి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొచ్చి పోలిక గురించి ఒక మాట. 2012లో మొదలైన బినాలే అనే కళా ప్రదర్శనకు ప్రధాన వేదికగా నిలిచిన ఆస్పిన్‌వాల్ హౌస్ సముద్రం ఒడ్డునే ఉన్న పాత వర్తక కంపెనీ ఆవరణ. అక్కడ నేర్చుకోవాల్సింది ఏమిటంటే పెచ్చులూడిన గోడను దాచకుండా దాని ముందే కళను నిలబెట్టారు. అయితే అక్కడి శత్రువు ఉప్పుగాలి. మీ దగ్గర ఉప్పు కింద నుంచి వస్తుంది, భూగర్భ జలం నుంచీ, ఒకప్పుడు పేర్చిన ఎరువుల బస్తాల నుంచీ. పైగా కింద రేగడి. కాబట్టి అక్కడి చికిత్స ఇక్కడ ఉన్నదున్నట్టు పనికిరాదు.

ముందు శుభ్రం, అదీ జాగ్రత్తగా

ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏం నిల్వ చేశారో కాగితం మీద రాసుకోండి. ఒక్కో సరుకు ఒక్కో రకం మురికి వదిలి వెళ్తుంది.

పత్తి: ట్రస్సుల పైభాగాన, గోడ మీది చెక్క బద్ద మీద దశాబ్దాల నూగు పేరుకుని ఉంటుంది. ఒక్క వెల్డింగ్ నిప్పురవ్వ చాలు. లోపల వెల్డింగ్, గ్రైండింగ్ మొదలుపెట్టకముందే పై నుంచి కిందికి పారిశ్రామిక వాక్యూమ్‌తో తీయించాలి. చీపురుతో ఊడిస్తే లేచి మళ్లీ అక్కడే వాలుతుంది.

మిర్చి: ఘాటు ధూళి సున్నం గోడ రంధ్రాల్లో ఇంకిపోయి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం గోడ వేడెక్కగానే మూసిన హాల్లో దగ్గు మొదలవుతుంది. రంగు వేస్తే పోదు. వాక్యూమ్ చేసి, మెత్తటి బ్రష్షుతో గోడను పొడిగానే రుద్ది, మళ్లీ వాక్యూమ్ చేసి, ఆపైన మూడు నాలుగు పూతలు సున్నం కొడితే అణుగుతుంది.

ధాన్యం కూడా పెట్టి ఉంటే మూలల్లో తెల్లటి పొడి కోసం చూడండి. పురుగుకు బీహెచ్‌సీ పొడి, అంటే గమాక్సిన్, చల్లడం ఒకప్పుడు మామూలు. దాన్ని 1997లో నిషేధించారు, కానీ చల్లింది బండల సందుల్లో అట్లాగే ఉంటుంది. అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల బూడిద కూడా దొరకొచ్చు. అందులో పూర్తిగా కరగని ముక్క ఉంటే తడి తగలగానే విషవాయువు వదులుతుంది. అందుకే మొదటి శుభ్రంలో నీళ్లు పోసి కడిగించొద్దు. మామూలు గుడ్డ మాస్కు సరిపోదు, విషవాయువులకు, ధూళికి రెండింటికీ పనికొచ్చే ఫిల్టరు మాస్కు, చేతికి తొడుగులు ఉండాలి. దర్వాజలన్నీ తెరిచి పెట్టి, పొడి పద్ధతిలో సంచుల్లోకి తీసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వాళ్లకే అప్పగించాలి. పక్క షెడ్డుకు పాత సిమెంటు రేకులు ఉంటే వాటిని ఆస్బెస్టాస్ అనే అనుకోండి. పగలగొట్టకుండా, డ్రిల్లు వేయకుండా, నీళ్లు చిలకరించి బోల్టులు విప్పి దించి, మందపాటి పాలిథీన్‌లో చుట్టి పంపించాలి.

ఎరువుల సంగతి గోడల దగ్గర చెబుతాను, దాని పని పెద్దది.

నేల, పునాది

వరంగల్‌లో పాత కట్టడాల చెమ్మకు సగం కారణం రోడ్డు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు పోస్తూ పోవడంతో చుట్టూ మట్టం లేచింది. గోదాము అరుగు అసలు మూడడుగులు ఉండాలి, బండి తొట్టి మట్టానికి బస్తా దింపేందుకు పెట్టిన ఎత్తు అది. ఇప్పుడు మీ అరుగు ఒకటిన్నర అడుగే కనిపిస్తోందంటే మిగతాది మట్టిలో ఉంది. వాన నీళ్లు నేరుగా గోడలోకి ఇంకుతున్నాయి. ఆవరణలో గోడ నుంచి కనీసం ఐదారడుగుల మేర పాత మట్టం దాకా మట్టి దించండి. చాలాసార్లు ఇదొక్కటే చేస్తే గోడ మీద చెమ్మ ఎక్కిన గీత ఒక వానాకాలంలో అడుగు దిగుతుంది.

దించేముందు పునాది ఎంత లోతుందో తెలియాలి. రెండు మూలల దగ్గర, ఒక పొడుగు గోడ మధ్యలో మూడడుగుల చదరం గుంటలు తీసి చూడండి. గోడ దగ్గర పునాది అడుగు కంటే కిందికి ఏ తవ్వకమూ పోకూడదు. లోపల కొత్త గుంజలు వేసినా, సెప్టిక్ ట్యాంకు తవ్వినా ఇదే నియమం. అంతకంటే లోతు తప్పదంటే, గుంట ఎంత లోతు పోతే పాత పునాదికి కనీసం అంత దూరం జరపాలి.

రేగడిలో చాలామంది చేసే తప్పు ఇంకోటి ఉంది. చెమ్మకు మందు అని గోడను ఆనుకుని కంకర మోరి తవ్వుతారు. వానాకాలం అది నీళ్లను పునాది దగ్గరికే తెస్తుంది, ఎండాకాలం అక్కడి మట్టిని తొందరగా ఆరబెడుతుంది. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలిస్తుంది, గోడ దానితో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. పునాది కింద తేమ ఏడాది పొడవునా ఒకేలా ఉండాలన్నది ఇక్కడ అసలు సూత్రం. అందుకని గోడ చుట్టూ ఐదారడుగుల వెడల్పున మొరం వేసి, కుదించి, పైన మందపాటి పాలిథీన్ పరిచి, దాని మీద షాబాద్ బండలు బయటికి 50కి 1 వాలుతో పేర్చండి. మోరి ఆ బండల అంచుకు అవతల రావాలి. గోడ పక్కన పెద్ద వేప చెట్టో రావి చెట్టో ఉంటే ఒక్కసారిగా నరికేయొద్దు. అది పీల్చే నీళ్లు ఆగిపోయి నేల ఉబ్బుతుంది, పాత బీటలు కొత్తగా తెరుచుకుంటాయి. కొమ్మలు ఏటా కొన్ని చొప్పున రెండు మూడేళ్లు తగ్గిస్తూ రావాలి. గోడలోనే మొలిచిన రావి మొక్కను మాత్రం వేరుతో సహా వెంటనే తీయాలి.

బీటలను పూడ్చే ముందు చదవాలి. ఒక్కో బీటకు అడ్డంగా సన్నటి గాజు పట్టీని రెండు చివరలా సున్నంతో అతికించి పక్కన తేదీ రాయండి. వెడల్పును నెలకోసారి కొలిచి పుస్తకంలో ఎక్కించండి. మే నెలలో తెరుచుకుని సెప్టెంబరుకు మూసుకునే బీట రేగడిది. దానికి మందు చుట్టూ వేసే బండలే. ఏ కాలంలోనైనా పెరుగుతూనే పోయే బీట పునాది కుంగుడుది, దానికి స్ట్రక్చరల్ ఇంజనీరు రావాల్సిందే. కదలిక ఆగాకే స్టెయిన్‌లెస్ మెలిక సలాకలను దర్జుల్లో (ఇటుకల మధ్య సందుల్లో) అడుగున్నర ఎడంతో కూర్చి సున్నం గ్రౌటు, అంటే పలచని సున్నపు ముద్ద, ఎక్కించాలి. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం వరంగల్‌లోనూ తెలిసింది. 100 అడుగుల గోడకు మధ్యలో అడ్డగోడ లేదు కాబట్టి, ట్రస్సు చివరలను గోడ తలకు కట్టిపడేసే ఇనుప పట్టీలు ఈ పనిలోనే వేయించండి.

లోపలి నేలకు టైల్స్ వద్దు. గ్లేజు టైలు చెమ్మను కింద బంధిస్తే అది పక్కకు పోయి గోడ ఎక్కుతుంది. పాత షాబాద్ బండలకు నంబర్లు వేసి లేపి, కింద ఎరువు ఉప్పు పట్టిన మట్టిని తొమ్మిదంగుళాల నుంచి అడుగు దాకా తీసేసి, మొరం ఆరంగుళాల పొరలుగా కుదించి, కంకర పొర, సున్నపు కాంక్రీటు వేసి, అవే బండలు మళ్లీ పరచండి.

కప్పు

మీ కప్పు రెండు వాలులు కలిపి దాదాపు 400 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 15 పెంకల చొప్పున 6,000 పెంకలు. దించి ఎక్కించడంలో పగిలేవి, అంతకుముందే చీలినవి కలిపి 1,000 నుంచి 1,200 అదనంగా సమకూర్చుకోవాలి. పెంక వెనక వైపు ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది, అదే ముద్ర ఉన్నవే వెతకండి. వేరే ఫ్యాక్టరీ పెంక చూడ్డానికి ఒకేలా ఉన్నా గాడి రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తే సరిగా కూర్చోదు, ఎదురుగాలి వానకు అక్కడే కారుతుంది. పాత ఇళ్లు కూలగొట్టే చోట ఇవి దొరుకుతాయి. తెచ్చిన ప్రతి పెంకను వేలితో కొట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే లోపల చీలిక ఉంది.

మన ఊళ్లలో పెంకకు అసలు ఆపద కోతులు. ఎంత బాగా కప్పినా నెల తిరక్కుండా నాలుగు పగులుతాయి. అందుకని పెంక కింద వాసాల మీద, నీళ్లను ఆపి ఆవిరిని వదిలే రకం పొర పరిచి, దాని మీద నిలువు బద్ద, ఆపైన పెంక ఆనే అడ్డ బద్ద కొట్టాలి. పెంక పగిలినా నీళ్లు పొర మీదుగా చూరు దాకా జారిపోతాయి. మామూలు పాలిథీన్ పరిస్తే ఆవిరి కింద ఆగి టేకు కుళ్లుతుంది, ఆ తేడా గట్టిగా గుర్తుంచుకోండి. చూరు వెంట మూడు వరుసలు, కొప్పు పక్క రెండు వరుసలు రాగి తీగతో బద్దకు కట్టించండి.

ట్రస్సుల్లో చూడాల్సింది గోడలోకి దూరిన చివర. నడుమ టేకు నిగనిగలాడుతున్నా చివర జాడీలో పెట్టిన ఊరగాయలా మెత్తబడి ఉంటుంది, ఎందుకంటే ఎప్పుడో ఎవరో గాలి సందును సిమెంటుతో మూసేశారు. దబ్బనం తీసుకుని గోడ అంచున అడ్డంగా, కింది వైపు నుంచి, రెండు పక్కల గుచ్చండి. మంచి టేకులో రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. సెంటీమీటరు దిగిందంటే ఆ చివర బరువు మోయడం లేదు. కింద ఆసరా నిలబెట్టి, కుళ్లినదాన్ని మంచి చెక్క వచ్చేదాకా కోసి, పాత టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలపాలి. అతుకు పొడవు దూలం లోతుకు నాలుగైదు రెట్లు ఉండాలి, రెండు పక్కల ఇనుప పట్టీ, 16 మిల్లీమీటర్ల బోల్టులు పడాలి. తిరిగి కూర్చోబెట్టేటప్పుడు రాతి దిమ్మె మీద ఆనించి, మూడు వైపులా అంగుళం సందు వదలండి.

వాన నీటి లెక్క చాలామంది వేయరు. గంటకు 100 మిల్లీమీటర్ల జడివానలో మీ కప్పు ఒక్కో వాలు నుంచి సెకనుకు 5 లీటర్లు దిగుతాయి. నాలుగంగుళాల గొట్టం ఒకటి ఆ వానలో సుమారు 85 చదరపు మీటర్ల కప్పుకు సరిపోతుంది. మీ ఒక్కో వాలు నేల కొలతలో 180, అంటే వైపుకు మూడు గొట్టాలు పెట్టాలి. రెండు పెడితే ఒకదాంట్లో వేపాకు అడ్డం పడిన రోజున నీళ్లు గోడ తల మీదికి పొర్లుతాయి.

పెంక దించే పని దీపావళి తర్వాత మొదలుపెట్టి సంక్రాంతికి ముగించండి. ఒకేసారి మొత్తం విప్పకుండా మూడు మూడు ట్రస్సుల మేర విప్పి కప్పుతూ పోవాలి.

గోడలు

ఎంతో ఖర్చు పెట్టి పాడుచేసుకునేది ఇక్కడే. తాళం చెవితో దర్జులో గీయండి. తెల్లగా, పొడిపొడిగా రాలితే డంగు సున్నం. బూడిద రంగులో గట్టిగా గీరుకుంటే తర్వాత ఎవరో పూసిన సిమెంటు. ఆ సిమెంటు పూసిన చోట పైకి చూడండి. గిలాబు ఆగిన చోట తెల్లటి ఉప్పు నూగు, దాని పైన పొరలుగా రాలుతున్న ఇటుక కనిపిస్తాయి. నేల నుంచి గోడలోకి ఎక్కిన నీరు ముందు రెండడుగుల ఎత్తులోనే ఆవిరై పోయేది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వలేదు, కాబట్టి సిమెంటు దాటేదాకా పైకెక్కి ఐదడుగుల దగ్గర బయటపడింది. నీరు ఆవిరయ్యే చోటే ఉప్పు గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు ఇటుకను లోపల నుంచి చీలుస్తుంది. మళ్లీ సిమెంటు పూస్తే ఈసారి ఏడడుగులకు పోతుంది.

సిమెంటు గిలాబును ఉలితో, చిన్న సుత్తితో తీయించండి, బ్రేకర్ మిషను వద్దు. దర్జులను అంగుళం లోతు దాకా గీకి ఊడ్చండి. ఎరువుల బస్తాలు ఆనిన నాలుగైదు అడుగుల మేర ఉప్పు లాగే లేపనం వేయాలి. కాగితం గుజ్జు, చైనా క్లే, మంచి నీళ్లు కలిపి ముప్పావు అంగుళం మందాన పట్టించి, రెండు మూడు వారాలు ఆరనిచ్చి, దానంతట అది ఊడొచ్చాక తీసి పారేయాలి. అట్లా రెండు మూడు సార్లు వేస్తే గానీ ఉప్పు తగ్గదు. బోరు నీళ్లలోనే ఉప్పు ఉంటే ఈ పనికి వాడొద్దు, ట్యాంకరుతో మంచి నీళ్లు తెప్పించండి.

తర్వాత ఆరాలి. ఇటుక గోడ ఒక ముఖం నుంచి నెలకు అంగుళం చొప్పున ఆరుతుందని మోటు లెక్క. మీది పద్నాలుగు అంగుళాల గోడ, రెండు వైపులా తెరిచి ఉంటే ఏడు నెలలు. ప్రారంభోత్సవం తేదీ వేసుకునే ముందు ఈ ఏడు నెలలు లెక్కలోకి తీసుకోండి.

కొత్త గిలాబుకు రాతి సున్నాన్ని గుంటలో విరిపి కనీసం మూడు వారాలు నీళ్ల కింద మగ్గనివ్వాలి. కింది పూతకు సున్నం ఒక పాలు, సురకి (ఇటుక పొడి) ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు. సురకికి మామూలుగా కాలిన మట్టి ఇటుకే కావాలి. మాడి నల్లబడిన ఇటుక పొడి సున్నంతో కలవదు, ఫ్లైయాష్ ఇటుక పొడి సురకి కానే కాదు. ఇసుకను గాజు సీసాలో నీళ్లతో కుదిపి మూడు గంటలు ఉంచండి. పైన పేరుకున్న మన్ను పొర కింది ఇసుక ఎత్తులో నూటికి ఎనిమిది పాళ్లు దాటితే ఆ లోడు వెనక్కి పంపాలి. ఒక్కో పూత అర అంగుళానికి మించకూడదు, పూతకూ పూతకూ వారం పది రోజుల ఎడం ఉండాలి, అన్నాళ్లూ తడి గోనె సంచులు వేలాడదీయాలి. ఏప్రిల్, మే ఎండల్లో సున్నం పని పెట్టుకోవద్దు, సున్నం బిగుసుకునే ముందే ఎండి సన్నటి జాలంలా పగుళ్లిస్తుంది. సున్నం పని తెలిసిన సుతారి దొరకడం కష్టమైతే రామప్ప, ఖిలా వరంగల్ లాంటి చోట్ల సంరక్షణ పనులు చేసినవాళ్లను వాకబు చేయండి. ఒక గోడలో ఆరడుగుల చదరం నమూనా చేయించి, నెల చూసి, ఆ తర్వాత మొత్తం అప్పగించండి. పైన వాల్ పుట్టీ, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే పైన చేసిందంతా వృథా. సున్నపు పూత చాలు.

ధ్వని

ఖాళీ గోదాములో చప్పట్లు కొట్టి చూడండి. మోత చాలాసేపు తిరుగుతుంది. 30 మీటర్ల పొడవు, 12 వెడల్పు, సగటు ఎత్తు 6 అనుకుంటే 2,160 ఘనపు మీటర్లు. గట్టి గోడలు, బండలు, పెంక కలిపి ధ్వనిని పీల్చేది దాదాపు 40 చదరపు మీటర్లకు సమానం. సూత్రం ప్రకారం 0.16ను ఘనపరిమాణంతో గుణించి పీల్పుతో భాగిస్తే ఎనిమిది సెకన్లకు పైనే వస్తుంది. జాలీల్లోంచి కొంత బయటికి పోతుంది కాబట్టి నిజంలో కాస్త తక్కువే ఉండొచ్చు, అయినా ఒగ్గు కథలో ఒక్క మాట తెలియదు. 300 మంది కూర్చుంటే ఇంకో 135 కలిసి రెండు సెకన్లకు దిగుతుంది. మాట, డోలు రెండూ స్పష్టంగా వినపడాలంటే 1.1 సెకను దగ్గర ఉండాలి, దానికి ఇంకో 140 కావాలి. అంటే రెండంగుళాల రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది లాంటి పదార్థం) పలకలు సుమారు 165 చదరపు మీటర్లు, చెక్క చట్రంలో, మంట అంటని గుడ్డ తొడిగి, వాసాల మధ్య అమర్చాలి. బరువు చదరపు మీటరుకు ఐదారు కిలోలే, ట్రస్సుకు భారం కాదు.

పీవీసీ సీలింగు ఈ పనికి ఎందుకూ కొరగాదు. మోతను పీల్చదు, టేకు ట్రస్సులను కనపడకుండా చేస్తుంది, మంటల్లో నల్లటి విషపు పొగ వదులుతుంది.

వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలు గోడలకు వేలాడదీద్దామని చాలామందికి తోస్తుంది. మంచి ఆలోచనే, 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చిన నేత, ఈ హాలుకు అంతకన్నా తగినది ఏముంటుంది. కాకపోతే గోడకు అతికించినట్టు వేస్తే ధ్వని పరంగా లాభం లేదు. గోడకు ఐదారంగుళాల ఎడంతో, మడతలు పడేలా వేలాడదీస్తే తాళాల మోత, గొంతులోని గరుకు తగ్గుతాయి. డోలు అడుగు శబ్దాన్ని మాత్రం అవి ఆపలేవు. మంట నిరోధక ద్రావణంలో ముంచి ఆరబెట్టినవే వాడాలి.

డోలు మోత బయటికి పోకుండా పూర్తిగా ఆపాలంటే వాసాల కింద రెండు పొరల జిప్సం బోర్డు, మూడంగుళాల రాక్‌వూల్ కావాలి. అది చదరపు మీటరుకు పాతిక కిలోల పైమాట. పదడుగులకొక ట్రస్సు చొప్పున ఒక్కోదాని మీద 36 చదరపు మీటర్లు పడతాయి, అంటే ఇంచుమించు టన్ను అదనం. ఆ ట్రస్సును అంత బరువుకు కట్టలేదు. దానికంటే డోలు కార్యక్రమాలు సాయంత్రమే ముగించడం మంచిది, రాత్రి పది దాటాక బయటికి వినపడేలా లౌడ్‌స్పీకర్‌కు మామూలుగా అనుమతి ఉండదు.

వేదిక, లైట్లు, చల్లదనం

ఎత్తు స్టేజీ కట్టకండి. ఒగ్గు కథ, చిందు జనం మధ్య ఆడేవి, మూడు వైపులా జనం కూర్చుంటేనే వాటికి ప్రాణం. నేల మట్టంలోనే 8 మీటర్ల చదరం చెక్క నేల వేయండి. పేరిణిలో పాదఘాతం బండ మీద పడితే మోకాళ్లు పోతాయి, అందుకని చెక్క కింద రబ్బరు మెత్తల మీద బద్దలు ఉండాలి. దూరం నుంచి చూసేవాళ్లకు మెట్ల బల్లలు విప్పి పేర్చుకునేవి చేయించండి. అటక కావాలనుకుంటే గోడకు తగలకుండా ఇనుప గుంజల మీద, బోల్టులతో, చదరపు మీటరుకు 500 కిలోల లెక్కతో డిజైన్ చేయించాలి.

లైట్లను ట్రస్సు అడుగు దూలానికి వేలాడదీయడం ఈ హాళ్లలో తరచూ జరిగే ప్రమాదకరమైన పని. ఆ దూలం రెండు చివరలను లాగి పట్టుకునేందుకు ఉంది, మధ్యలో బరువు మోయడానికి కాదు. లైట్లు, స్పీకర్లు, తీగలు కలిసి తేలిగ్గా 600 కిలోలు దాటుతాయి. వేదిక నాలుగు మూలల గుంజలు నిలిపి, వాటి మీద అల్యూమినియం చట్రం ఎక్కించండి. కరెంటు తీగలు గోడ కోయకుండా పైనుంచి ఇనుప గొట్టాల్లో పోవాలి. మెయిన్ ప్యానెల్, జనరేటర్ 2020 ఆగస్టు వరదలో మీ వీధిలో నీళ్లు నిలిచిన గుర్తు కంటే నాలుగడుగులు ఎత్తులో ఉండాలి.

మొత్తం హాలుకు ఏసీ పెట్టాలంటే జాలీలు మూయాలి, మూస్తే టేకు, సున్నం రెండూ మగ్గుతాయి. జాలీలకు వల కొట్టి తెరిచే ఉంచండి, కింద గుంజ ఫ్యాన్లు పెట్టండి. ఏప్రిల్, మే పొడి వేడికి పెద్ద కూలర్లు బాగా పనిచేస్తాయి, వానాకాలం వాటిని ఆపేయాలి. చేర్యాల పటాలకు మాత్రం ఆ గాలి కూడా పడదు. ఖద్దరు గుడ్డ మీద గంజి, తెల్ల సుద్ద, చింతగింజల జిగురు పట్టించి గీసినవి అవి. చెమ్మకు బూజు పడుతుంది, పురుగు తింటుంది. హాల్లో ఒక మూల ఇరవై అడుగులకు పదిహేను అడుగుల అర్ర వేరే కప్పుతో కట్టి దానికే ఏసీ పెట్టండి. తేమ 45 నుంచి 60 శాతం మధ్య, వెలుగు 50 లక్స్ దాటకుండా, పటానికీ గోడకూ రెండంగుళాల సందు.

అనుమతులు, జనం భద్రత

గోదాము నుంచి సభా భవనంగా వాడుక మార్పుకు కార్పొరేషన్ అనుమతి కావాలి. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం జనం గుమిగూడే కట్టడం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా ఫైర్ ఎన్‌వోసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) తప్పదు. మీది రెండూ దాటుతుంది. కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, మరో 200 మీటర్ల దాకా నియంత్రణ, ఆ పరిధిలో మరమ్మతుకూ అనుమతి కావాలి. ఖిలా, వేయిస్తంభాల గుడి దగ్గరి వాళ్లు దీన్ని ముందే చూసుకోవాలి.

గోదాము దర్వాజలు పక్కకు జరిగేవో, లోపలికి తెరుచుకునేవో అయి ఉంటాయి. తొక్కిసలాటలో రెండూ తెరుచుకోవు. పాత తలుపులను పక్కకు జరిపి బిగించి అలాగే ఉంచి, అదే ఖాళీలో రెండు మీటర్ల వెడల్పు, బయటికి తెరుచుకునే, తోస్తే వచ్చే తలుపులు పెట్టండి. 300 మందికి రెండు వ్యతిరేక దిశల్లో రెండు తప్పనిసరి, మూడోది ఉంటే మంచిది. ఎక్కడ కూర్చున్నవాళ్లకైనా దారి 30 మీటర్లలోపు ఉండాలి. మూడడుగుల అరుగుకు చక్రాల కుర్చీ ఎక్కాలంటే 12కు 1 వాలుతో 36 అడుగుల ర్యాంపు, మధ్యలో మలుపు అరుగు. బస్తాలు దింపిన ఆ పొడుగు అరుగును అట్లాగే ఉంచండి, సాయంత్రాలు జనం కూర్చునేది అక్కడే. ముందు వాకిలిని పార్కింగుకు ఇచ్చేయకుండా బతుకమ్మ ఆడేటంత జాగా వదలండి.

ఇవాళ డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బీటలకు గాజు పట్టీలు అతికించి తేదీలు వేయండి. నేల మీద నాలుగు చోట్ల మీటరు చదరం పాలిథీన్ పరిచి అంచులకు టేపు వేసి రాత్రంతా ఉంచండి, పొద్దున కింద చెమటలా నీళ్లు పట్టిన చోట్లను ప్లాను మీద గుర్తుపెట్టండి. చెమ్మ గీత ఎత్తును ప్రతి పదడుగులకు పెన్సిల్‌తో గోడ మీదే గీయండి. వాన పడుతున్నప్పుడు లోపల నిలబడి ఏ ట్రస్సు దగ్గర చుక్క పడుతోందో నంబరు రాసుకోండి. ఈ నాలుగూ ఉన్న నోటుపుస్తకంతో ఇంజనీరు దగ్గరికి వెళ్తే అతను మొదటి రోజే పనికొచ్చే మాట చెప్పగలడు. ప్లాను, నాలుగు గోడల ఫొటోలు ఇక్కడ పెడితే ట్రస్సు చివరల సంగతి నేనూ చూసి చెబుతాను.